గాటు పడితే సీసం

పోయిన శుక్రవారం, మా పాత కారు వేగం ఎనభై దాటితే చాలు స్టీరింగు చేతుల్లో వణుకుతోందని, నేనుండే బర్వా అల్ బరాహాకు దగ్గరలోనే ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న టైర్ల దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి నేపాలీ మెకానిక్ చక్రాన్ని యంత్రానికి బిగించి గిర్రున తిప్పి, తెర మీద కనబడ్డ అంకె చూసి, ముప్పై గ్రాముల బరువు ముక్క ఒకటి చక్రం అంచుకు అంటించబోతుంటే, నేను ఉండబట్టలేక దాన్ని అతని చేతిలోంచి తీసుకుని బొటనవేలి గోరుతో గీశాను. గీత పడలేదు. మళ్ళీ గట్టిగా గీస్తే గోరు విరిగింది. "క్యా దేఖ్ రహే హో భాయ్, సోనా నహీ హై" అని నవ్వాడతను. బంగారం కాదని నాకూ తెలుసు. నేను వెతికింది సీసం. పక్కనున్న డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి చూస్తే అన్నీ ఇనుప ముక్కలే. ఇరవై ఏళ్ళ కింద ఇవే వీధుల్లో, ఇలాంటి దుకాణాల ముందే, పాత చక్రాల నుంచి పీకేసిన సీసపు బరువుల కోసం బకెట్టు పట్టుకుని నిలబడినవాణ్ణి కనుక, ఆ డబ్బా ముందు నేను కొంచెం ఎక్కువసేపే ఆగిపోయాను.

నాకు పదో తరగతి లెక్కల్లో ముప్పై నాలుగు మార్కులు వచ్చాయి. ముప్పై అయిదు వస్తే పాసు. ఆ ఒక్క మార్కుతో నా బడి చదువు ఆగిపోయింది కానీ లెక్కల మీద మోజు ఆగలేదు. ఖతర్ వచ్చిన మొదటి రెండేళ్ళు కంపెనీలో హెల్పరుగా సిమెంటు బస్తాలు మోస్తూనే, ఏ లారీలో ఎన్ని దిగాయి, ఎన్ని చిరిగాయి, సగటున బస్తాకు ఎంత సిమెంటు గాలికి పోయింది అని నాలో నేనే లెక్క కట్టుకునేవాణ్ణి. క్యాంపులో మిగతావాళ్ళు సాయంత్రం ఫోను కార్డులు గీకి ఇంటికి మాట్లాడుతుంటే, కార్డు మీద రాసిన నిమిషాలకు, నిజంగా వచ్చే నిమిషాలకు తేడా ఎంతో నేను గోడ మీద బొగ్గుతో రాసిపెట్టేవాణ్ణి. మన తరంలో గల్ఫ్‌కు వచ్చినవాళ్ళకు ఆ తేడా బాగానే గుర్తుంటుంది. ఓసారి క్యాంపుకు వచ్చి ఆ గోడను చూసిన మా మేనమామ, అంటే మా అమ్మ తమ్ముడు, "వీడు బస్తాలు మోసేటోడు కాదు, తూకం వేసేటోడు" అని చెప్పి నన్ను తన దగ్గరికి మార్పించుకున్నాడు.

మామ అప్పటికే పన్నెండేళ్ళుగా ఒక షూటింగ్ క్లబ్బులో పనిచేస్తున్నాడు. మదీనత్ అల్ షమాల్ వైపు పోయే రోడ్డు మీద గంటసేపు వెళ్ళి, ఒక పక్కకు తిరిగితే, ఇసుక దిబ్బ ఒకటి, దానికి ఎదురుగా నీడకోసం రేకులు వేసిన వరుస ఒకటి, వెనకాల మా వర్కుషాపు. అంతే క్లబ్బు. ఊళ్ళో మా అత్త మాత్రం మేమిద్దరం దుబాయ్‌లో ఉన్నామనే అందరికీ చెప్పేది. ఖతర్ అని ఎన్నిసార్లు దిద్దినా "ఏదైతేంది, రెండూ ఇసుకనే కదా" అనేది.

క్లబ్బు సభ్యులందరిలో పెద్దాయనను మేం బాబా అనేవాళ్ళం. అప్పటికే ఎనభైకి దగ్గరగా ఉంటాడు. ఆయన దగ్గర వాళ్ళ నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు మోసిన పాత సైనిక రైఫిల్ ఒకటి ఉండేది. ఒక తూటా పేలగానే ఆ పేలుడు గాలితోనే ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, తరువాతి తూటాను దానంతట అదే ఎక్కించుకునే రకం. ఆ కొలతకు సరిపోయే తూటాలు దుకాణాల్లో దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. అందుకని పాత ఇత్తడి గొట్టాలను జాగ్రత్తగా దాచి, వాటిలో సీసపు గుండ్లను కూర్చి మళ్ళీ వాడుకోవడానికి క్లబ్బుకు అనుమతి ఉంది. తుపాకి మందు గది తాళం మాత్రం ఉస్తాద్ మెడలో ఉండేది. ఉస్తాద్ అంటే పాకిస్తాన్ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన మా పైఅధికారి. మందు తూచేటప్పుడు ఆయన తలుపు వేసుకునేవాడు, ఆ గంటసేపు చాయ్ కూడా అడగకూడదు. టైర్ల దుకాణాల నుంచి బకెట్లలో తెచ్చుకున్న పాత చక్రం బరువుల సీసం కరిగించి గుండ్లు పోయడం మామ పని. వాటిని తూచి, వేరుచేసి, పుస్తకంలో ఎక్కించడం నా పని.

ఆ పని ఎంత ఇష్టంగా చేశానో ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది. మామ పొయ్యి దగ్గర నిలబడి, కరిగిన సీసం మీది నల్లటి తెట్టెను గరిటెతో పక్కకు తీసి, అచ్చులో పోసి, మనసులో ఇరవై వరకు లెక్కపెట్టి తెరిస్తే, వెండిలా మెరిసే గుండు ఒకటి మెత్తటి గుడ్డ మీద పడేది. చల్లారాక దాని అడుగున చిన్న రాగి చిప్ప తొడిగేవాళ్ళం, లేకపోతే సీసం రాలి రైఫిల్‌లో ఆ పేలుడు గాలి పోయే సన్న రంధ్రం పూడుకుపోతుంది. తూకం గ్రెయిన్లలో ఉండేది. గ్రెయిను అంటే ఎంతో మొదట్లో నా బుర్రకు ఎక్కలేదు. ఆఖరికి మా ఊరి కంసాలి తూచే గురివింద గింజ గుర్తొచ్చింది. ఒక గింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. ఆ తరువాత నా కంటికి ఆ త్రాసు మీద ఎప్పుడూ ఎర్రటి గింజలే కనబడేవి. మా గుండు సగటు బరువు నూట డెబ్బై ఒక్క గ్రెయిన్లు, అంటే మన లెక్కలో పదకొండు గ్రాముల చిల్లర.

పుస్తకంలో మొదట నాలుగే గడులుండేవి. తేదీ, ఎన్ని, సగటు, తీసేసినవి. అయిదో గడి మామ పెట్టించాడు. దాని పేరు కారణం. "అంకె ఒక్కటే ఏం చెప్తది? గిది ఎందుకు తగ్గింది, గది ఎందుకు పెరిగింది, అది గూడ రాయాలె" అనేవాడు. అంకెలు ఇంగ్లీషులో, కారణాలు తెలుగులో. ఉస్తాద్‌కు తెలుగు రాదు కాబట్టి ప్రతి గురువారం నేను ఆయన పక్కన కూర్చుని కారణాలన్నీ హిందీలో చదివి వినిపించేవాణ్ణి. "ఈ రోజు గాలి ఎక్కువ, అచ్చు తొందరగా చల్లారింది" అని చదివితే ఆయన మీసం దువ్వుకుంటూ తలూపేవాడు. మామ మాత్రం నా వెనక నిలబడి, "ముప్పై నాలుగు మార్కులోడు ఎట్ల రాసిండో చూడుండ్రి. ఆ ఒక్క మార్కు ఏడ పారేసినవురా అల్లుడా?" అని ప్రతి గురువారం ఒకే ఎత్తిపొడుపు పొడిచేవాడు.

ఆ ఏడు బాబా ఒక కోరిక కోరాడు. చలికాలంలో తన కొడుకులు, మనవలు అందరినీ తీసుకొస్తాడట. వాళ్ళ ముందు ఆ రైఫిల్ ఆగకుండా పది పేల్చాలి, పది గొట్టాలూ దానంతట అదే విసరాలి. ఆయనకు చూపు మందగించింది, గురి తగలకపోయినా ఫర్వాలేదట, ఆ చప్పుడు మాత్రం వినాలి. సీసపు గుండుతో మెత్తగా పేల్చితే ఆ పాత యంత్రానికి బలం చాలక మూడో దానికో నాలుగో దానికో గొట్టం మధ్యలో ఇరుక్కునేది. బలం పెంచితే సీసం రాలేది. దీన్ని సరిచేయడానికి ఉస్తాద్ వారం వారం కొంచెం కొంచెంగా మార్చి చూస్తున్నాడు. మామ బాబా చేతులు పట్టుకుని "మై కరూంగా బాబా" అని మాటిచ్చాడు. మామ ఊరికే మాట ఇచ్చే మనిషి కాదు.

సరిగ్గా అప్పుడే నా త్రాసు ఒక కబురు చెప్పింది. ఒక పొద్దున పోసిన రెండు వందల గుండ్లు తూచితే సగటు నూట అరవై ఏడు వచ్చింది. నాలుగు గ్రెయిన్లు, అంటే రెండు గురివింద గింజలకు పైనే తక్కువ. త్రాసు తప్పేమోనని పరీక్ష బిళ్ళ పెట్టి చూశాను. సరిగానే ఉంది. గుండ్ల అంచులు పూర్తిగా నిండలేదు. ఒకటి తీసి గచ్చు మీద వేస్తే దబ్బుమనవలసింది టింగుమంది. ఆ రోజుల్లోనే సీసానికి బదులు జింకుతో చేసిన చక్రం బరువులు కొత్తగా రావడం మొదలైంది. చూడడానికి రెండూ ఒకటే. జింకు ముక్క మీద మాత్రం జెడ్, ఎన్ అని రెండు చిన్న అక్షరాలు అచ్చుకొట్టి ఉంటాయి. మామకు ఇంగ్లీషులో వచ్చిన అక్షరాలు ఆ రెండే, వాటిని చూసి జింకు ముక్కలు ఏరి పారేసేవాడు. అలాంటి ముక్కలు నాలుగు కలిసినా కుండెడు సీసం పాడైపోతుంది. అసలు జింకు సీసం కన్నా ఆలస్యంగా కరుగుతుంది, కాబట్టి మంట మితంగా ఉంటే పైకి తేలి కనబడుతుంది, గరిటెతో తీసేయవచ్చు. కానీ చూపు తగ్గినవాడు, సీసం సరిగా కరిగిందో లేదో తెలియక, మంట పెంచుతాడు.

అప్పుడు నాకు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. మామ ఈ మధ్య చాయ్ గ్లాసు కోసం బల్ల మీద తడమడం, వచ్చేవాడు ఎవడో గొంతు విన్నాకే పలకరించడం, అచ్చును మొహానికి దగ్గరగా పెట్టుకోవడం. కరిగిన లోహం ముందు కళ్ళు కనబడనివాణ్ణి ఉస్తాద్ ఒక్క రోజు కూడా నిలబెట్టడు. పొయ్యి పోతే వీసా పోతుంది, బాబాకు ఇచ్చిన మాట పోతుంది. నేను పుస్తకంలో సగటు నూట అరవై ఏడు అని నిజమే రాసి, కారణం గడిలో "అచ్చు సరిగా వేడెక్కలేదు" అని అబద్ధం రాశాను. ఆ రెండు వందల గుండ్లను మళ్ళీ కుండలోకి పోనివ్వకుండా ఒక డబ్బాలో పోసి నా బల్ల కింద దాచాను.

మరునాటి నుంచి, మధ్యాహ్నం మామ కునుకు తీసే వేళ, బకెట్టులోని బరువులన్నీ గుమ్మరించి ఒక్కొక్కదాన్ని కటింగ్ ప్లేయర్‌తో కొరికి చూసేవాణ్ణి. అక్షరాల మీద తారు, మసి అంటుకుని ఉండేవి కనుక వాటిని నమ్మలేను. గాటు పడితే సీసం, పడకపోతే జింకు. ఈ పరీక్ష నాకు నేర్పింది కూడా మామే. సగటు మళ్ళీ నూట డెబ్బై ఒకటికి వచ్చింది. పరీక్షల్లో రైఫిల్ ఏడు వరకు ఆగకుండా పోయింది. మామ ఉత్సాహంగా పాటలు పాడుతూ గుండ్లు పోస్తుంటే, నేను ఎంత తెలివైనవాణ్ణో నాకే ముచ్చటగా ఉండేది.

పదహారో రోజున మామ పొయ్యి వెలిగించకుండా బకెట్టు పక్కన కూర్చుని, ఒక్కొక్క బరువునూ బొటనవేలితో తడుముతూ నన్ను పిలిచాడు.

"అల్లుడా, గీ గాటేందిరా?"

"దుకాణపోళ్ళు పీకేటప్పుడు పడ్డదేమో మామా."

"అన్నిటికీ ఒక్క దిక్కే పడుతదా? పదకొండు చూసిన. పదకొండిటికీ ఎడమ మూలకే ఉన్నది. గింత వరుసగా కొరికేటోడు ఈ దేశంల ఒక్కడే ఉన్నడు."

నా పద్ధతే నన్ను పట్టిచ్చింది.

"ఎన్ని దొరికినయ్ జింకువి?"

"నలభై ఒకటి."

"నలభై ఒకటి" అని తనలో తాను అనుకుని, చాలాసేపు ఆ ముక్కను వేళ్ళ మధ్య తిప్పాడు. "పుస్తకంల రాసినవా?"

"లేదు మామా. రాస్తే నిన్ను పంపిస్తరు."

"నా కండ్లే మసకబారినయనుకున్న. నువ్వు పుస్తకం కండ్లు గూడ పొడిసినవ్ గదరా. ఆ రైఫిల్‌కు నూరేండ్లకు దగ్గర పడుతున్నది. ముసలాయన దాన్ని చెంపకు ఆనిచ్చుకుని పేలుస్తడు. ఏదన్న అయితే నీ కారణం గడి ఏం చెప్తది, అచ్చు వేడెక్కలే అనా?" అని, నా చేత పుస్తకం తెప్పించి, పాత అబద్ధాన్ని గీతతో కొట్టించి, ఆ వారం లెక్క కింద కొత్త లైను చెప్పి రాయించాడు. బరువులు ఏరింది అల్లుడు. కారణం, మామకు కళ్ళు కానరావడం లేదు.

గురువారం వచ్చింది. ఎప్పుడూ నా వెనకే నిలబడే మామ ఆ రోజు బకెట్లు కడుగుతానని బయటికి పోయాడు. నన్ను నమ్మి పోయాడని నాకు తెలుసు, అయినా నా నాలుక మాట వినలేదు. మొదటి కారణం చదివి, ఆ లైను దాటేసి, దాని కింది కారణం అందుకున్నాను. ఉస్తాద్ తన చూపుడువేలు కాగితం మీద ఆనించి ఆపాడు. ఆయనకు తెలుగు చదవడం రాకపోవచ్చు కానీ లైన్లు లెక్కపెట్టడం వచ్చు. "యహా తీన్ లైన్ హై బేటా. తూనే దో పఢీ." మూడు లైన్లుంటే రెండే చదివావన్నాడు. అప్పుడు చదివాను. చదవడం అయ్యాక బల్ల కింది డబ్బా తీసి ముందు పెట్టాను. ఆయన రెండు వందలూ స్వయంగా లెక్కపెట్టాడు, ఒక్కటి తగ్గలేదు. లేచి వెళ్ళి గ్యాసు సిలిండరు మూత కట్టేశాడు. తడి చేతులతో లోపలికి వచ్చిన మామతో, "ఆజ్ సే చూల్హే పర్ ఆప్ నహీ", ఇవాళ్టి నుంచి పొయ్యి దగ్గర మీరు ఉండరు, అని మాత్రం అన్నాడు. మామను ఆయన నువ్వు అనకుండా మీరు అనడం నేను మొదటిసారి విన్నాను.

"ఠీక్ హై ఉస్తాద్" అని మామ తోలు గ్లౌజులు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నేను లైను దాటేసిన సంగతి ఉస్తాద్ చెప్పగానే, "ఒక్కటి పారేసుడు ఇంక మానలేదారా నువ్వు" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆఫీసువాళ్ళు మామ వీసా మళ్ళీ పొడిగించేది లేదన్నారు. చలికాలం ముగిసేవరకు మాత్రం ఉండనిచ్చారు. ఆ మూడు నెలలు పొయ్యి దగ్గర నేనున్నాను, నా బల్ల దగ్గర మామ కూర్చున్నాడు. రాగి చిప్పలు తొడుగుతూ ప్రతి గుండు అడుగునూ బొటనవేలితో చుట్టి చూసేవాడు. త్రాసు సరే అన్న గుండ్లలోంచి కూడా రోజుకు రెండో మూడో పక్కన పెట్టేవాడు. గోరు పెట్టి చూస్తే నిజంగానే అంచున వెంట్రుకంత లోపం తగిలేది. కారణం గడిలో నేను "మామ బొటనవేలు" అని రాసి హిందీలో చదివితే ఉస్తాద్ తలూపేవాడు.

బాబా కుటుంబం ఒక శుక్రవారం పొద్దున, గాలి చల్లగా ఉన్నప్పుడు వచ్చింది. పిల్లల కోసం రేకుల కింద తివాచీలు పరిచారు. బాబా కుర్చీలో కూర్చుని, ముందు బల్ల మీద రైఫిల్ ఆనించి, పక్కన మామను నిలబెట్టుకున్నాడు. మా పరీక్షల్లో తొమ్మిది దాటి పది ఎప్పుడూ పోలేదన్నది ఉస్తాద్‌కు, మాకు మాత్రమే తెలుసు. పేలిన ప్రతిసారీ, ఆ చప్పుడు వెనకాలే గచ్చు మీద ఇత్తడి గొట్టం గలగలమని దొర్లడం కోసం నేను చెవులు రిక్కించాను. మామ కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తున్నాడు. ఒకటి, రెండు, అయిదు. ఆరోది పేలింది, గలగల వినబడలేదు. ఇరుక్కుంది అనుకున్నాను. మామ మాత్రం కళ్ళు తెరవకుండానే ఆరో వేలు మడిచాడు. ఏడోది పేలింది. ఎనిమిది. తొమ్మిది. పదోది పేలి, గొట్టం గచ్చు మీద పడి, గిరగిరా తిరిగి ఆగింది.

"కమ్, మామా?" ఎన్ని అని అడిగాడు బాబా.

"అషరా, బాబా. పది. ఏక్ కార్పెట్ పర్ గిరా" అన్నాడు మామ. ఆరో గొట్టం తివాచీ మీద పడిందట, మెత్తగా పడ్డ ఆ చప్పుడు ఆయనకు వినబడిందట. చూస్తే నిజంగానే మనవరాలి పాదం పక్కన ఉంది. బాబా మామ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదలలేదు. కళ్ళు కనబడని ఇద్దరు మనుషులు ఇసుక దిబ్బ వైపు చూస్తూ నవ్వుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

మామ వెళ్ళే ముందురోజు నన్ను పిలిచి పుస్తకం తియ్యమన్నాడు. "రాయి. బకెట్టుల ఒక బరువు తక్కువ. కారణం, మామ జేబు." రాశాను. గురువారం అది కూడా చదివాను, ఒక్క మాట వదలకుండా. ఉస్తాద్ మొహం పక్కకు తిప్పుకుని మీసం దువ్వుకున్నాడు.

ఊళ్ళో మామ రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకున్నాడు, చూపు వచ్చింది. పద్నాలుగేళ్ళు దుబాయ్‌లో ఉండి ఇంత సీసం ముక్క తెచ్చిండని అత్త ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. ఫ్యాను గాలికి ఎగరకుండా మామ దాన్ని పేపరు మీద పెట్టుకుని చదువుతాడు. బాబా పోయి చాలా ఏళ్ళయింది. క్లబ్బు ఉన్నచోట గోడౌన్లు లేచాయి. రైఫిల్ వాళ్ళ ఇంట్లో అద్దాల బీరువాలో ఉందని విన్నాను. నేను ఇప్పుడు ఒక కంపెనీ స్టోరులో తూకం చూస్తున్నాను. చుక్క తరువాత మూడు అంకెలు చూపించే త్రాసు ఉంది, రాసే పని లేకుండా అంకె దానంతట అదే కంప్యూటర్లోకి పోతుంది. తేడా వస్తే తెర మీద నాలుగు కారణాలు వస్తాయి, ఒకటి నొక్కాలి, నొక్కకపోతే ముందుకు పోదు. ఎవరి కన్ను, ఎవరి బొటనవేలు, ఎవరి జేబు అన్నది ఆ నాలుగింటిలో ఉండదు. అంకెలు ఇంత సన్నగా, ఇంత సరిగా ఎన్నడూ లేవు. వాటిని చదివి వినిపించమని అడిగేవాళ్ళు మాత్రం లేరు.

శుక్రవారం టైర్ల దుకాణం నుంచి వచ్చాక మామకు వీడియో కాల్ చేసి, బరువులన్నీ ఇనుమైపోయాయని చెప్పాను.

"గాటు పెట్టి చూసినవా?"

"గోరుతో గీసిన మామా. గోరే విరిగింది."

"కారణం రాసుకో" అని నవ్వి, ఫోన్ను బల్ల మీదికి తిప్పాడు. తెరిచిన పేపరు మీద ఆ సీసపు ముక్క కనబడింది. ఎడమ మూలన నా గాటు అలాగే ఉంది.